కొలువుకెక్కిన ప్యాక్‌మ్యాన్

ఈ సంక్రాంతికి మా ఇంటి బొమ్మల కొలువులో, మూడవ మెట్టు మీద, కొండపల్లి దశావతారాలకూ ఏటికొప్పాక లక్కపిడతలకూ నడుమ ఒక పసుపుపచ్చని పెట్టె కొలువుతీరింది. ఎత్తు జానెడున్నర. ముందుభాగాన ఒక నల్లని పలక, దాని మీద నీలిగీతల చిక్కుదారులు, ఆ దారులలో నోరు తెరచుకొని నిలిచిన గుండ్రని పసుపు ముద్ద, దాని చుట్టూ ముసుగులు కప్పుకొన్నట్లున్న నాలుగు రంగుల దయ్యాలు. పేరంటానికి వచ్చిన అమ్మలక్కలు తాంబూలం పుచ్చుకొంటూ "ఇదేం దేవుడండీ?" అని అడిగినప్పుడల్లా మా ఇంటావిడ నా వంక చూసేది. ముప్పయ్యేండ్లకు పైగా తెలుగు పండితుడిగా పాఠాలు చెప్పినవాడిని. దశావతారాల వరుస నిద్రలో అడిగినా చెప్పగలను. ఈ పదకొండవవాడికి మాత్రం నా దగ్గర శ్లోకం లేకపోయింది.

కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మయినా చేరాలన్నది మా అమ్మగారి కాలం నుంచి వస్తున్న నియమం. ఈ ఏటి కొత్త బొమ్మను అమెరికా నుంచి మా అబ్బాయి తెచ్చాడు. అక్కడ కొన్ని వారాల పాటు రాత్రిపూట కూర్చుని ముక్కా ముక్కా అతికి కట్టి, మళ్ళీ విడదీసి సంచులలో సర్దుకొని వచ్చి, మా వసారాలో మనవడిని పక్కన కూర్చోబెట్టుకొని రెండవసారి కట్టాడు. మొత్తం 2,651 ముక్కలు. ఇంత శ్రమ దేనికిరా అంటే, "ఇది నా చిన్ననాటి ఆట నాన్నా" అన్నాడు. ఆ మాట నాకు కొంచెం గుచ్చుకొంది. ఎందుకో తరువాత చెబుతాను. ముందు ఈ పెట్టె వంశచరిత్ర చెప్పాలి. పండుగ మూడు రోజులూ అబ్బాయి చెప్పగా విన్నదీ, ఆ పైన నేను చదివి తెలుసుకొన్నదీ కలిపి రాస్తున్నాను.

కట్టిన ముక్కలు లెగో వారివి. డెన్మార్కు దేశంలో బిల్లుండ్ అనే పల్లెలో ఒక వడ్రంగి 1932లో కొయ్యబొమ్మల పని మొదలుపెట్టాడు. ఆయన పేరు ఓలె కిర్క్ క్రిస్టియాన్‌సన్. మన కొండపల్లి వారు పొణికి కర్రతో చేసినట్లే ఆయనా మొదట కర్రతోనే చేశాడు. వారి భాషలో "బాగా ఆడుకో" అనే అర్థం వచ్చే రెండు మాటలను కుదించి లెగో అని పేరు పెట్టుకొన్నాడు. ఒకదానిలో ఒకటి బిగుసుకొనే ప్లాస్టిక్ ఇటుకకు 1958లో పేటెంటు కోరారు. అదే ఇటుక ఈనాటికీ నడుస్తున్నది. 2023లో ఆ సంస్థ ప్యాక్‌మ్యాన్ అనే పాత ఆటపెట్టెకు నమూనా తయారుచేసి అమ్మకానికి పెట్టింది. అట్ట మీద 18 సంవత్సరాలు దాటినవారికి అని ఉంటుంది. అంటే పిల్లలకు కాదు, ఒకప్పుడు పిల్లలుగా ఉన్నవారికి. పక్కన ఒక పిడి ఉన్నది. దానిని తిప్పితే పసుపు ముద్ద, దయ్యాలు చిక్కుదారులలో అటూ ఇటూ కదలుతాయి. నాణెం వేసే చోట చిన్న దీపం వెలుగుతుంది. వెనుకవైపు తెరిస్తే 1980ల నాటి ఆటలదుకాణం, అందులో ఆడుతూ నిలబడ్డ ఒక బొమ్మ మనిషి. అన్నీ ఉన్నాయి, ఆట లేదు. ఎంత తిప్పినా ఎవరూ ఎవరినీ పట్టుకోరు. మన కొలువు బొమ్మలూ అంతే కదా అని మా ఇంటావిడ వెంటనే చోటిచ్చింది. ఆవిడ తర్కం నాకంటె ఎప్పుడూ చురుకు.

అసలు ఆట పుట్టినది జపానులో. దానిని చేసిన నామ్‌కో సంస్థ పుట్టుక నాకు ముచ్చట గొలిపింది. మసాయా నకమురా అనే ఆయన 1955లో యోకొహామాలో ఒక పెద్ద అంగడి మేడ మీద, పిల్లలు ఎక్కి ఊగే యంత్రపు కొయ్యగుర్రాలు రెండు పెట్టి వ్యాపారం మొదలుపెట్టాడట. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల వెలుగు కింద రంగులరాట్నం గుర్రాలెక్కిన మాబోటి వాళ్ళకు ఇంతకంటె పరిచయం అక్కరలేదు. రెండు గుర్రాల నుంచి ఆ సంస్థ పైసలు వేసి ఆడే యంత్రాల దాకా పెరిగింది.

1978లో మరొక జపాను సంస్థ టైటో తెచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆట లోకాన్ని ఊపివేసింది. ఆకాశం నుంచి దిగివచ్చే శత్రువులను కాల్చడమే అందులోని పని. దాని వెనుక వచ్చినవీ చాలావరకు కాల్పుల ఆటలే. ఆ దుకాణాలు మగపిల్లల అడ్డాలయ్యాయి. నామ్‌కోలో పనిచేసే తోరు ఇవతాని అనే యువకుడికి ఇది నచ్చలేదు. ఆడపిల్లలు, జంటలుగా వచ్చేవారు కూడా ఆడదగిన ఆట చేయాలనుకొన్నాడు. కాల్చడం కాకుండా మరే క్రియ మీద ఆట కట్టవచ్చు అని ఆలోచించి "తినడం" అనే క్రియను పట్టుకొన్నాడు. ఒక ధాతువును పట్టుకొని ఆట మొత్తం కట్టడం వ్యాకరణం చదివినవాడికి మహదానందం. ఒక ముక్క తీసిన పిజ్జాను చూసి ఆ పసుపు ఆకారం తోచిందని ఆయన చెప్పాడు. జపాను లిపిలో నోటికి రాసే అక్షరం చతురస్రం. దాని మూలలు గుండ్రం చేసినట్లూ చెప్పుకొన్నాడు.

పేరు సంగతి ఇంకా బాగుంది. నోరు తెరుస్తూ మూస్తూ తినే చప్పుడును జపానువారు "పకుపకు" అంటారు. ఆ ధ్వన్యనుకరణం నుంచే ఆటకు పేరు వచ్చింది. మనకు "పకపక" ఉన్నది గాని అది నవ్వు. అదే నోరు, దాదాపు అదే చప్పుడు. వారు తిన్నారు, మనం నవ్వాం. దీని మీద ఒక వ్యాసమే రాయవచ్చు కాని ఇప్పుడు వద్దు. 1980 మే 22న టోక్యోలోని షిబుయాలో పరీక్షగా పెట్టినప్పుడు ఆట పేరు పక్‌మ్యాన్. ఆ ఏడాదే అమెరికాకు పంపేటప్పుడు, పెట్టె మీది మొదటి ఆంగ్లాక్షరాన్ని అల్లరివాళ్ళు కొంచెం చెక్కివేస్తే బూతుమాట అవుతుందని భయపడి ప్యాక్‌మ్యాన్ అని మార్చారు. అక్షరం విలువ ఎరిగినవారు.

ఆట నియమం చిన్నది. చిక్కుదారులలో 240 చిన్న చుక్కలు, నాలుగు మూలల నాలుగు పెద్ద చుక్కలు ఉంటాయి. అన్నిటినీ తినాలి. నాలుగు దయ్యాలకు చిక్కరాదు. పెద్ద చుక్కను తిన్నప్పుడు కొద్ది క్షణాలు దయ్యాలు నీలిరంగుకు తిరిగి పారిపోతాయి, అప్పుడు వాటినే తినవచ్చు. మీటలు చాలా లేవు. నాలుగు దిక్కులకు తిరిగే పుల్ల ఒకటే.

నన్ను ఆకట్టుకొన్నవి దయ్యాల పేర్లు. అమెరికాలో వాటికి బ్లింకీ, పింకీ, ఇంకీ, క్లైడ్ అని ముద్దుపేర్లు పెట్టారు గాని, జపానులో మొదట పెట్టినవి స్వభావాన్ని చెప్పే పేర్లు. ఎర్రనిది వెంబడించేది. గులాబీది పొంచి ఉండేది. నీలిది చపలచిత్తం కలది. నారింజరంగుది ఏమీ ఎరగనట్లు నటించేది. పేరుకు తగినట్లే నడక. ఎర్రనిది నీవు ఎక్కడ ఉంటే అక్కడికే వస్తుంది. గులాబీది నీవు పోబోయే దిక్కున నాలుగు గడుల ముందు చోటికి గురిపెడుతుంది. నీలిది నీ చోటునూ ఎర్రదాని చోటునూ రెండింటినీ లెక్కలోకి తీసుకొంటుంది. నారింజది దూరాన ఉన్నప్పుడు వెంటపడి, ఎనిమిది గడుల దగ్గరికి రాగానే తన మూలకు మళ్ళిపోతుంది. కావ్యంలో పాత్రపోషణ అని మేము పిల్లలకు బోధించేది ఇదే కదా. 2012లో న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియం తన సేకరణలోకి తీసుకొన్న 14 వీడియో ఆటలలో ఇదీ ఒకటి.

ఇక మా ప్రాంతం మాట. గుంటూరు జిల్లాలో ఉండి, 1970లో కొత్తగా ఏర్పడిన ప్రకాశం జిల్లాకు మారి, 2022లో బాపట్ల జిల్లాలో చేరిన ఊరు మా పర్చూరు. ఉన్న గడిలో నుంచి కదలకుండానే మూడు జిల్లాలు తిరిగింది. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిరప, పొగాకు. నిలువెత్తు ఆటపెట్టెలను, నాణెం వేసి నిలబడి ఆడేవాటిని మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. 1990లలో ఇటు పట్టణాలకు వచ్చినది వేరు. ఒక చిన్న గది, రెండు మూడు పాత టీవీలు, వాటికి తగిలించిన జపాను యంత్రాల నకళ్ళు, ఒక్కో క్యాసెట్టులో పదులకొద్దీ ఆటలు. గంటకు ఇంత అని డబ్బు పుచ్చుకొనేవారు. మారియో, కాంట్రా పిల్లలకు కంఠస్థం. వాటి నడుమ ఎక్కడో ఈ ప్యాక్‌మ్యాన్ కూడా ఉండేది.

1995లో మా అబ్బాయి ఎనిమిదవ తరగతి. చీరాలలో మా చెల్లెలి ఇంట ఉండి చదువుకొనేవాడు. ఫీజు కట్టమని ఇచ్చిన డబ్బులో యాభై రూపాయలు తక్కువయ్యాయని తెలిసి, ఒక శనివారం మధ్యాహ్నం నేను బయలుదేరి వెళ్ళాను. వాడు రైలు కట్టకు అవతల ఒక వీడియో గేముల గదిలో దొరికాడు. లోపల చీకటి, చెమట వాసన, టీవీల కీచుచప్పుడు. చెవి పట్టుకొని వీధిలోకి ఈడ్చుకొని వచ్చి, నలుగురూ చూస్తుండగా కొట్టాను. బస్సులో పర్చూరు వచ్చేదాకా ధర్మరాజు సంగతీ నలమహారాజు సంగతీ చెప్పాను. జూదం ఆడి రాజ్యాలు పోగొట్టుకొన్నవారి కథలు నా దగ్గర కొదవలేదు. వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికి వచ్చి సంచి వెదికితే తెలుగు నోటుపుస్తకం వెనుక పేజీలలో నాలుగైదు పుటల నిండా గళ్ళు, బాణం గుర్తులు, అంకెలు. జూదపు లెక్కలు అనుకొన్నాను. వాడి ఎదుటే చింపి పొయ్యిలో వేశాను. ఆ తరువాత వాడు ఆ గదికి పోలేదు. నా శిక్ష ఫలించిందని ఎన్నో ఏళ్ళు మా స్టాఫ్‌రూములో గొప్పగా చెప్పుకొన్నాను.

మొన్న భోగినాడు పిడి తిప్పుతూ వాడే ఆ మాట ఎత్తాడు. కోపంగా కాదు. "మీరు చింపిన కాగితాలు గుర్తున్నాయా నాన్నా? అవి దారులు" అన్నాడు. అప్పుడు విప్పి చెప్పాడు. అసలు ప్యాక్‌మ్యాన్ యంత్రంలో అదృష్టం అనేది లేదు. దయ్యాలు నీవు చేసినదానికి మాత్రమే బదులిస్తాయి. నిన్న నీవు ఏ మలుపులో ఏ క్షణాన తిరిగావో నేడూ అట్లాగే తిరిగితే, అవీ నిన్నటిలాగే వస్తాయి. నీలిరంగుకు తిరిగి తడబడినప్పుడు దిక్కులేకుండా పరుగెత్తినట్లు కనిపిస్తాయి గాని, ఆ తడబాటు సైతం ప్రతి గదిలోనూ మొదటి నుంచి అదే వరుసలో వస్తుంది. కాబట్టి దారి కనిపెట్టినవాడు దానిని రాసుకొని, కంఠస్థం చేసి, తప్పకుండా గెలవవచ్చు. అమెరికాలో ఆట వచ్చిన కొత్తలోనే ఈ దారులను బొమ్మలు గీసి పుస్తకాలుగా అచ్చువేశారు. వాటిలో ఒకటి రాసినవాడు కెన్ యూస్టన్, పేరుమోసిన పేకాటరాయుడు. వాడు కూడా ఇక్కడ పేకలను వదలి దారులు గీసుకొన్నాడు.

పదమూడేళ్ళ పిల్లవాడు చీరాలలో ఒక చీకటి గదిలో, నకలు యంత్రం మీద, ఎవరూ చెప్పకుండానే ఆ పని మొదలుపెట్టాడు. ఎక్కడ తిరిగితే ఎర్రది వెనుకబడుతుందో చూసి రాసుకొన్నాడు. నేను ద్యూతం అన్నాను.

మనుస్మృతి ఈ మాటను స్పష్టంగానే విడదీసింది. ప్రాణం లేనివాటితో పందెం వేసి ఆడేది ద్యూతం, ప్రాణం ఉన్నవాటితో ఆడేది సమాహ్వయం. మా జిల్లాలలో సంక్రాంతికి కత్తులు కట్టి దించే కోడిపందేలు రెండవ కోవకు చెందినవి. దయ్యాలకు ప్రాణం ఉన్నదా లేదా అన్న విచారం పక్కన పెట్టినా, ఇక్కడ పందెమే లేదు. గెలిచినవాడికి ఇంకో గది తప్ప ఏమీ రాదు. న్యాయస్థానాలు కూడా అదృష్టాన్నీ నైపుణ్యాన్నీ వేరుచేస్తూనే వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సికింద్రాబాదు క్లబ్బు వారికీ నడచిన వ్యాజ్యంలో 1967లోనే సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడేదని తీర్పిచ్చింది. పేకాటకు దొరికిన ఆపాటి విచారణ మా అబ్బాయికి నా దగ్గర దొరకలేదు. యాభై రూపాయలు చెప్పకుండా తీసినది తప్పే. దానికి వేరే శిక్ష చాలు.

ఇక్కడే నాకు మా అమ్మగారి వైకుంఠపాళి గుర్తుకు వచ్చింది. ముక్కోటి ఏకాదశి రాత్రి జాగరణకు మా ఇంట పరమపద సోపాన పటం పరిచేవారు. నేను బడిలో జూదాన్ని ఖండించి వచ్చి, ఇంటి వద్ద గవ్వలు గలగలలాడించేవాణ్ణి. మనకు తెలిసిన ఆటలన్నిటిలోనూ శుద్ధమైన పాచిక ఆట ఏదంటే ఇదే. అష్టాచెమ్మలోనైనా ఏ కాయను జరపాలన్న ఎంపిక ఉన్నది. పులిజూదంలో గవ్వలే లేవు, పేరులో జూదం ఉన్నా అంతా బుద్ధిబలమే. వైకుంఠపాళిలో ఆడేవాడు చేయగలిగినది ఏమీ లేదు. గవ్వలు వేయాలి, పడినన్ని గడులు నడవాలి, నిచ్చెన దొరికితే ఎక్కాలి, పాము నోట పడితే దిగాలి. తెలివీ జ్ఞాపకమూ రెండూ పనికిరావు. ఐదేళ్ళ పిల్ల తాతను ఓడించగలదు. ఓడిస్తుంది కూడా.

మా పటంలో మొత్తం 132 గడులు. గడిలో అంకెతో పాటు పేరు ఉండేది. భక్తి, జ్ఞానం, వైరాగ్యం వంటివి నిచ్చెన మొదళ్ళు. పాములకు రాక్షసుల పేర్లు. వాటిలో పెద్దది అరుకాసురుడు. 106వ గడి దాకా ప్రాకినవాణ్ణి ఒక్కసారిగా అట్టడుగు వరుసకు దించుతాడు. ఆ గడి దగ్గరికి రాగానే ఆడుతున్నవారంతా ఊపిరి బిగబట్టేవారు. అక్షరాలు రాని మా అమ్మమ్మ కూడా ఆ పేరు గడి తాకి చెప్పేది. నేను చదవడం నేర్చుకొన్నది వాచకంలో కన్న ముందు ఆ పటం మీదనే అంటే అతిశయోక్తి కాదు.

ఇది మన తెలుగునాటికే పరిమితమైన ఆట కాదు. ఉత్తరదేశంలో జ్ఞానచౌపర్ అంటారు. జైనులు 84 గడులతో, వైష్ణవులు 72 గడులతో వేసుకొన్న పటాలు దొరుకుతున్నాయి. కర్మ, పునర్జన్మ, మోక్షం ఒక గుడ్డ మీద గీసి పిల్లల చేతికి ఇచ్చినట్లు. జ్ఞానదేవుడు కనిపెట్టాడని మహారాష్ట్రలో చెబుతారు. అది చెప్పుకొనే మాట, ఆధారం చూపినవారు లేరు. 1831లో ఒక ఆంగ్ల సైనికాధికారి ఇటువంటి వైష్ణవ పటం ఒకదానిని లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీకి బహూకరించాడు. అది మొదటి ప్రదర్శన వస్తువు అనుకోవచ్చు. 1890లలో ఇంగ్లండులో ఆటవస్తువుల వ్యాపారులు దీనిని తమకు తగ్గట్లు మార్చి అమ్మారు. వైకుంఠం పోయి చివరి గడి మిగిలింది. మొదట్లో బద్ధకం, విధేయత వంటి వారి నీతులు గడులలో ఉండేవి, తరువాత అవీ పోయాయి. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ వారు పాములను కూడా తీసివేసి, పిల్లలు జారే జారుడుబల్లలు పెట్టారు. ఆ ఊరేగింపు అంతా ముగించుకొని అది 100 గడుల రంగు అట్టగా, లూడో వెనుకవైపున అచ్చయి, మళ్ళీ మన అంగళ్ళకు వచ్చింది. పాములు తిరిగి వచ్చాయి, పేర్లు రాలేదు. పేరులేని పాము కరిస్తే పిల్లవాడికి ఏ తప్పుకు దిగాడో తెలియదు.

ఇప్పుడు వైకుంఠపాళికీ కొలువు యోగం పట్టింది. కొన్నేండ్ల కిందట ఒక హస్తకళల ప్రదర్శనలో కలంకారీ తరహాలో వేసిన పటం చూసి ముచ్చటపడి కొన్నాను. ధర చెప్పను, మా ఇంటావిడ ఇది చదువుతుంది. ఇంటికి తెచ్చి గోడకు తగిలించి, తీరికగా చూద్దునుగదా, 46 తరువాత 48 ఉన్నది. ఒక నిచ్చెన రెండు గడుల నడుమ మొదలవుతున్నది. ఒక పాము తోక అంచుపూవులలో కలిసిపోయింది. కరిస్తే ఎక్కడికి దిగాలో దానికే తెలియదు. మరుసటిరోజు వెళ్ళి అడిగితే అమ్మే కుర్రవాడు మర్యాదగానే అన్నాడు, "ఇది ఆడడానికి కాదు సార్, హాల్లో పెట్టుకోవడానికి" అని. లెగోవారి పెట్టె మీద నాకు గౌరవం కలిగినది ఈ విషయంలోనే. ఆట ఆడనివ్వకపోయినా వారు చిక్కుదారిని అవమానించలేదు. నాలుగు దయ్యాలనూ వాటి వాటి రంగులలో నిలిపారు.

అబ్బాయి ఇంకొక సంగతి చెప్పాడు. ప్యాక్‌మ్యాన్‌లో గది వెనుక గది వస్తూనే ఉంటుంది, చివర అనేది చేసినవారు పెట్టలేదు. అయినా 256వ గదిలో ఆట ఆగిపోతుంది. గదులను లెక్కపెట్టే చోట యంత్రానికి 255 దాటి అంకె పట్టదు. దాంతో లెక్క తప్పి, తెర కుడిసగమంతా అర్థంలేని అక్షరాలతో నిండిపోతుంది. అక్కడ తినవలసిన చుక్కలు చాలినన్ని ఉండవు, గది ముగియదు. ఒక్క ప్రాణమూ పోగొట్టుకోకుండా, ఒక్క పండూ ఒక్క దయ్యమూ వదలకుండా అక్కడిదాకా వెళ్ళినవాడికి రాగల గరిష్ఠ సంఖ్య 33,33,360. ఆ గంటల శ్రమకు ఎదురయ్యేది ఆ పిచ్చి అక్షరాల గోడ. "మరి పరమపదం?" అన్నాను. "లేదు నాన్నా" అన్నాడు. మా ఆటలో తెలివికి చోటు లేదు, వైకుంఠం ఉన్నది. వాళ్ళ ఆటలో తెలివి ఉన్నది, వైకుంఠం లేదు. ఏది మేలో నేను తేల్చలేను. చాలాసేపు వాదించుకొన్నాం. వాడు నా ఎదుట ఇంతసేపు వాదించడం అదే మొదలు.

మా మనవడికి పదేళ్ళు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. పెట్టెలో అడుగున ఉన్న అమ్మగారి పాత పటాన్ని కనుమనాడు బయటికి తీశాను. మడతల వెంట చిరిగి నాలుగు ముక్కలైంది, కుడిమూల చెదలు తిన్నది. అయినా నేల మీద పేర్చి, చుట్టూ గవ్వలు, చింతపిక్కలు పెట్టి ఆడాం. అబ్బాయి, కోడలు, మనవడు, మా ఇంటావిడ, నేను. మనవడు ప్రతి గడిలోనూ "ఇదేమని రాసుంది తాతయ్యా?" అని అడిగేవాడు. నేను చదివి చెప్పేవాణ్ణి. మూడుసార్లు 90 దాటి మూడుసార్లూ దిగాను. అబ్బాయి సరిగ్గా అరుకాసురుడి నోట పడ్డాడు. "ఇందులో దారి రాసుకోవడానికి లేదురా" అంటే నవ్వాడు. కోడలు గెలిచింది, ఎట్లా గెలిచానో తెలియదన్నది. ఎవరికీ తెలియదు.

మరునాడు కొలువు ఎత్తివేశారు. కొండపల్లి బొమ్మలను పాత దినపత్రికలలో చుట్టి ట్రంకుపెట్టెలో పెడుతూ మా ఇంటావిడ ఆ పసుపుపెట్టెను కూడా మెత్తని చీరెలో చుట్టింది. అది ఇక్కడే ఉంటుందట. మళ్ళీ ఏడు కొలువుకు కావాలి కదా అన్నది. అబ్బాయి ఒప్పుకొన్నాడు, కాని బదులుగా వైకుంఠపాళి అడిగాడు. నాలుగు ముక్కల పటం విమానంలో నలిగిపోతుందని, నేను చీరాల నుంచి నాలుగు పెద్ద అట్టలు తెప్పించి నకలు రాయడం మొదలుపెట్టాను. వాళ్ళు వెళ్ళేలోగా పూర్తికాలేదు. ఇంకా రాస్తున్నాను. గీతలు గీయడం తేలికే. చెదలు తిన్న మూలలో కొన్ని గడుల పేర్లు గుర్తుకు రావడం లేదు. మా చెల్లెలికి ఫోను చేస్తే రెండు చెప్పింది. పాములన్నిటికీ పేర్లు రాశాను, మనవడు చదువుకొనేటట్లు పెద్ద అక్షరాలతో. 106వ గడిలో పేరు పూర్తిగా పట్టలేదు, చివరి రెండక్షరాలు పక్కగడిలోకి పోయాయి. ఆ అట్ట పక్కన పెట్టి కొత్తది తీసుకొన్నాను.